గంధం వారి వీధి మనిషి

ఎవరో ఒక పెద్దమనిషి ఇల్లు కొన్నాడు. ఇల్లు చూపించేదాకా పొద్దున్నా సాయంత్రం ఫోను చేసిన ఏజెంటు, రిజిస్ట్రేషను అయిన మర్నాటి నుంచి ఆయన ఫోను ఎత్తడం మానేశాడు. ఇందులో వింతేమీ లేదు, ఇల్లు కొన్నవాళ్ళందరికీ జరిగేదే. కాకపోతే ఈయన స్థిరాస్తి మధ్యవర్తుల సమాజానుబంధ మండలి అనే దానికి అధ్యక్షుడు. మండలి కొత్తగా పుట్టింది. ఏం పని చెయ్యాలో తెలీక కుర్చీలూ కర్టెన్లూ కొనుక్కుని ఖాళీగా కూర్చుని ఉంది. ఎత్తని ఆ ఒక్క ఫోనుతో దానికి పని దొరికింది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇల్లు అమ్మిపెట్టేవాడు పరాయివాడై ఉండకూడదు. ఏ వీధిలో ఇళ్ళు అమ్మిపెడతాడో ఆ వీధి మనిషై ఉండాలి. కనుక ఒక్కొక్క ఏజెంటుకీ ఒక్కొక్క వీధి కేటాయిస్తారు. ఆ వీధి బాగోగులు అతనివే. ఆ వీధిలో ఏ ఇల్లు చేతులు మారినా అతని ద్వారానే మారాలి. అలా కాకపోతే రిజిస్ట్రేషను జరగదు. వీధిని నిర్లక్ష్యం చేసిన ఏజెంటుకి గుర్తింపు రద్దు.

కాకినాడలో సూరిబాబు ఈ వార్త పేపర్లో చదువుతున్న సమయానికి వంటింట్లోంచి ఆయన భార్య త్రిపురసుందరి అడిగింది.

"ఏవండీ, అటక మీద గుండిగ కాస్త దించుతారా?"

"రేపు దించుతాలేవే" అన్నాడు సూరిబాబు. ఆ మాట ఆయన వినాయక చవితి నుంచీ అంటున్నాడు. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది.

ఆ ఇత్తడి గుండిగ త్రిపురకి పుట్టింటివాళ్ళు ఇచ్చింది. సొంతింట్లో దిగిన రోజున అందులోనే పాలు పొంగించాలని ఆమె దాన్ని ఒక్కనాడూ వాడకుండా అటకెక్కించింది. ఊళ్ళో సగంమందికి ఇళ్ళు కొనిపెట్టిన సూరిబాబు, తన కాపురం మాత్రం పెళ్ళైన దగ్గర్నుంచీ పెంకుటిళ్ళ వీధిలో ఒక అద్దె వాటాలోనే పెట్టాడు. ఆ వాటాలో వంటింటికి కిటికీ లేదు. పొయ్యి ముందు నిలబడితే ఎదురుగా గోడ, గోడ మీద ఇంటివాళ్ళ మోటారు స్విచ్చి. పోపు పెడితే ఆ ఘాటు బయటికి పోయే దారి దొరక్క, చుట్టపు చూపుగా వచ్చినట్టు సాయంత్రందాకా ఇంట్లోనే కూర్చునేది. త్రిపుర డిగ్రీలో చదువుకున్న శాస్త్రాలన్నీ మర్చిపోయింది గాని, ఆ స్విచ్చి మీదున్న కంపెనీ పేరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

ఇన్నాళ్ళకి ఒక ఇల్లు కుదిరేలా ఉంది. గంధం వారి వీధిలో మాణిక్యాంబగారి ఇల్లు. ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఒంటరి మనిషి. ఇల్లు అమ్మేసి విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానంటోంది. ఇల్లు చిన్నదే. కాని వంటింటికి తూర్పున ఇంత పొడుగు కిటికీ, కిటికీ అవతల కరివేపాకు చెట్టు. కావాలంటే చెయ్యి చాపి రెబ్బ కోసుకుని పోపులో వేసుకోవచ్చు. త్రిపుర ఆ కిటికీ దగ్గర ఒకసారి నిలబడి చూసింది. ఆ రోజు నుంచి ఆమెకి సొంతిల్లంటే ఆ కిటికీయే. ధర మాట్లాడుకున్నారు. మంచిరోజు చూసి అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి. గుండిగ దించి కళాయి వేయించాలని త్రిపుర తొందర పడుతున్నది అందుకే.

పేపరు మడిచి సూరిబాబు, "కొత్త రూలు వచ్చిందే. అదయ్యాక చూద్దాం" అన్నాడు.

ఏజెంట్లందరికీ ఒక కల్యాణ మంటపంలో ప్రమాణ స్వీకారం పెట్టారు. కుటుంబసభ్యులకు కూడా ఆహ్వానం, ఉప్మా. మండలి ప్రాంతీయ అనుబంధాధికారి నరహరిగారు మైకు ముందుకొచ్చారు.

"మధ్యవర్తి అనగా ఎవడు? ఇరుపక్షముల నడుమ నిలబడువాడు కాడు. ఇరుపక్షముల హృదయములందు నివసించువాడు. అదియును, అద్దె లేకుండా."

చివరిది చమత్కారం. ఎవరూ నవ్వకపోయేసరికి మళ్ళీ అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు.

తర్వాత ఒక్కొక్క ఏజెంటూ వేదికెక్కి, పళ్ళెంలో పసుపు రాసి పెట్టిన ఇటుక మీద చెయ్యివేసి ప్రమాణం చేశాడు. "నేటి నుండి నా వీధియే నా కుటుంబము. నా వీధివారే నా బంధువులు. వారు దప్ప నాకు అన్య బంధువులు లేరు." సూరిబాబు గొంతు బాగుంటుంది. ఆయన చెబుతుంటే సభలో కొందరికి కళ్ళు చెమర్చాయి.

త్రిపుర పక్కన కూర్చున్న నూకరత్నం అనే ఆవిడ మోచేత్తో పొడిచింది. ఆవిడ మొగుడు పాపారావు కూడా ఏజెంటే.

"ఏటండీ ఇది? ఆళ్ళకి వీధోళ్ళే చుట్టాలైతే, మరి మనవేటండీ?"

"మనం ప్రేక్షకులం" అని త్రిపుర చప్పట్లు కొట్టింది.

వీధుల కేటాయింపులో ఎవరి సొంత వీధి వారికివ్వలేదు. ఇస్తే పక్షపాతానికి తావిచ్చినట్టవుతుందని నరహరిగారు వివరించారు. ఏజెంటు తన సొంత ఇంట్లో చేసే ఏ పనీ సమాజ సేవ కిందికి రాదు. పైగా సేవా సమయంలో ఇంటి పని చేస్తూ దొరికితే సంజాయిషీ ఇచ్చుకోవాలి. సూరిబాబు అదృష్టం పండి ఆయనకి గంధం వారి వీధే వచ్చింది. మాణిక్యాంబగారి ఇల్లు ఆయన చేతి మీదుగానే కదలాలి. ఆ వేళ ఆయన ఇంటికి మైసూరుపాకు తెచ్చాడు. త్రిపుర వాళ్ళ పెంకుటిళ్ళ వీధి పాపారావుకి వచ్చింది. పాపారావు కాపురముండేది గంధం వారి వీధిలో.

ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆడవాళ్ళకి వెంటనే అర్థమైంది. మండలికి చివరిదాకా అర్థం కాలేదు.

మర్నాడు తెల్లారేసరికి సూరిబాబు గంధం వారి వీధిలో ఉన్నాడు. ఒకరికి గ్యాసు బండ మోశాడు. ఒకరికి కరెంటాఫీసులో క్యూ కట్టాడు. ఇంకొకరికి ఆవకాయ జాడీ మూత బిగుసుకుపోతే ఊడదీశాడు. మాణిక్యాంబగారి కుళాయి వాషరు మార్చి, అటక మీది ట్రంకు పెట్టె దించి, అందులో ఏముందో ఆవిడ చూసుకున్నాక మళ్ళీ పైకెక్కించాడు. నూకరత్నానికి బియ్యం ఏరిపెట్టాడు.

ఇక్కడ పెంకుటిళ్ళ వీధిలో త్రిపుర తలుపు తీసేసరికి గుమ్మంలో పాపారావు నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"అక్కగారూ, తమకేవైనా పనుంటే చెప్పండి. గ్యాసెలాగుంది? నీళ్ళెలాగున్నాయి? మీ మనసెలాగుంది?"

"మనసు కూడా అడగాలా తమ్ముడూ?"

"ఆయ్. సర్క్యులర్లో ఉందండి. గ్యాసూ నీళ్ళూ అయ్యాక అడగమన్నారు."

పాపారావు చెడ్డవాడు కాదు. ఆ మాటకొస్తే మరీ మంచివాడు. కూరలు తెచ్చేవాడు, తెచ్చి తరిగేవాడు, తరుగుతూ ఈ కూరలో శనగపిండి వెయ్యకూడదని సలహా చెప్పేవాడు. త్రిపుర మడిచి పెట్టిన బట్టలు తీసి, ఆ మడతలు బాగాలేవని విప్పి మళ్ళీ మడత పెట్టేవాడు. "అటక మీద ఆ గుండిగ దించమంటారా అక్కగారూ?" అని రోజూ అడిగేవాడు. "వద్దు, అది దించాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు" అనేది త్రిపుర.

ఆ వేరే ఉన్నవాళ్ళు పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చి నడుం వాల్చేవారు.

"ఏవండీ, గుండిగ."

"తప్పే. సొంత వీధిలో చెయ్యకూడదు. ఎవరైనా చూస్తే సంజాయిషీ రాయాలి."

"ఇంట్లో ఎవరు చూస్తారండీ?"

"పాపారావు చూస్తాడు. ఈ వీధి అతనిదిగా. నేను దించితే అతని సేవలో లోపం ఉందని అర్థం వస్తుంది. పాపం, అతను మా గంధం వారి వీధి వాడు. వాళ్ళ క్షేమం నేనే చూడాలి" అన్నాడు సూరిబాబు. ఇటుక మీద చెయ్యేసినప్పటి గొంతు అప్పుడప్పుడు ఇంట్లో కూడా వస్తోంది.

మండలి ఊరికే కూర్చోలేదు. వీధిలో జరిగే ప్రతి శుభకార్యానికీ అశుభకార్యానికీ ఆ వీధి ఏజెంటు హాజరు కావాలని రెండో ఉత్తర్వు వేసింది. దాంతో ఎక్కడ పెళ్ళి జరిగినా ఆడపిల్ల వీధి ఏజెంటూ, మగపిల్లవాడి వీధి ఏజెంటూ దగ్గరి చుట్టాల హోదాలో వచ్చేవారు. ఒక పెళ్ళిలో ఇద్దరూ కన్యాదాత పక్కన చోటు కోసం పోట్లాడుకుంటే, అసలు మేనమామ వంటవాళ్ళ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ఏ కార్యాలూ జరగని వీధి వచ్చిన ఏజెంట్లు బిక్కమొహం వేశారు. అలాంటి ఒకాయన, నిర్లక్ష్యం కింద గుర్తింపు పోతుందన్న భయంతో, వీధి కుక్క ఈనితే వీధివీధంతా పిలిచి బారసాల చేశాడు. నరహరిగారు స్వయంగా వెళ్ళి ఒక కూనకి పేరు పెట్టి, "ఇది సమ్మిళిత అనుబంధమునకు నిదర్శనము" అని ప్రశంసించి వచ్చారు.

చావు ఇళ్ళకి వెళ్ళే ఏజెంట్ల విషయంలో మూడో ఉత్తర్వు వచ్చింది. "కంట నీరు నిర్బంధము కాదు. అయితే వదనమందు తగుమాత్రపు మార్పు గోచరించవలెను."

ఇళ్ళు కొనవచ్చే వాళ్ళకి సేవ ఎలా చెయ్యాలో నాలుగోది చెప్పింది. ఇల్లు చూపించేటప్పుడు ఏజెంటు ముందుగా ఆ ఇంట్లోని లోపాలన్నీ చెప్పాలి. విన్న తర్వాత కొనేవాళ్ళు కలత చెందితే ఓదార్చాలి. ఏజెంట్లు చెప్పారు. కొనేవాళ్ళు కలత చెందారు. ఏజెంట్లు ఓదార్చి, కాఫీ ఇప్పించి, ఆటో ఎక్కించి పంపించారు. ఊళ్ళో ఒక్క ఇల్లూ అమ్ముడు పోలేదు. ఇళ్ళు కొన్నవాళ్ళు లేకపోవడంతో ఇళ్ళు కొన్నవాళ్ళ ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి. మండలి దీన్ని తన మొదటి విజయంగా ప్రకటించింది.

సూరిబాబుకి కమీషన్లు రావడం మానేశాయి. ఇంటి ఖర్చుకి, సొంతింటి కోసం దాచుకున్న దాన్లోంచి కొద్దికొద్దిగా తీయడం మొదలుపెట్టాడు. త్రిపుర చూస్తూ ఊరుకోలేదు. పనసపొట్టు కూర గిన్నెలో పెట్టుకుని ఒక మధ్యాహ్నం మాణిక్యాంబగారి దగ్గరికి వెళ్ళింది.

ఆవిడ వాలుకుర్చీలో కూర్చుని ఉంది. సూరిబాబు అప్పుడే కొట్టించి తెచ్చిన కారం గుమ్మం పక్కన డబ్బాలో ఉంది.

"మంచిరోజు ఎప్పుడు చూసుకుందామండీ పిన్నిగారూ? అడ్వాన్సు ఇచ్చేస్తే ఒక పనైపోతుంది."

మాణిక్యాంబగారు గిన్నె మూత తీసి వాసన చూసింది. "ఇంక అమ్మడం లేదే అమ్మాయ్."

"అదేంటండీ?"

"ఎందుకమ్మను చెప్పు? ఒంటరిదాన్ని, చేసేవాళ్ళు లేరని కదా పోదామనుకున్నాను. ఇప్పుడు మీ ఆయన ఉన్నాడు. పిలవక్కర్లేదు, కుళాయి బొట్టు కారితే బొట్టు కింద చెయ్యి పెడతాడు. నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకే తెలీలేదు, వచ్చి నా నెత్తి మీంచి తీశాడు. సొంత కొడుకున్నా ఇంత చెయ్యడు. నీ మొగుణ్ణి వదిలి నేనెక్కడికీ వెళ్ళలేనే తల్లీ."

త్రిపుర పట్టు వదల్లేదు. "విజయనగరంలో మీ చెల్లెలు గారు ఎదురు చూస్తూ ఉంటారేమోనండీ."

"ఎదురు చూడ్డమా? అదే ఇక్కడికి వచ్చేస్తానంటోంది. వాళ్ళ వీధి ఏజెంటు మరీ మందకొడిట."

త్రిపుర లేచి, కూర తీసిపెట్టి గిన్నె కడుక్కుంటానని వంటింట్లోకి వెళ్ళింది. కిటికీలోంచి కరివేపాకు గాలి వస్తోంది. కుళాయి తిప్పింది. చుక్క కారకుండా, చప్పుడు లేకుండా, ఆమె జీవితంలో చూడని పద్ధతిగా కట్టయింది. మొగుడి పనితనం మీద ఆమెకి ఇంత గౌరవం, ఇంత కోపం ఒకేసారి ఎప్పుడూ కలగలేదు.

ఇంటికొచ్చి సూరిబాబుతో చెప్పింది. "కాస్త తక్కువ సేవ చెయ్యండి. ఒక పది రోజులు కుళాయి కారనివ్వండి."

"ప్రమాణం చేశానే" అన్నాడు సూరిబాబు.

త్రిపుర వాదించలేదు. వాదించి గెలిచే కాలంలో కూడా ఆమెకి వంటింటి కిటికీ రాలేదు.

ఆ వారంలోనే నరహరిగారు పెంకుటిళ్ళ వీధిలో తనిఖీకి వచ్చారు. పాపారావు ఆయనకి గొడుగు పట్టుకుని గుమ్మం గుమ్మం తిప్పుతున్నాడు. త్రిపుర కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది.

"అమ్మా, మీ వీధి ఏజెంటు సేవల వలన తమ జీవితమందు గుణాత్మక పరివర్తన ఏమైనా సంభవించినదా?"

"సంభవించిందండి. బట్టలు మడత పెట్టడం నాకు రాదని తెలిసింది."

నరహరిగారు తృప్తిగా తలాడించారు. పాపారావు సిగ్గు పడ్డాడు.

"కాని సార్" అంది త్రిపుర కొంగుతో బల్ల తుడుస్తూ, "సేవంటే గంధం వారి వీధిలో సూరిబాబుగారిది చూడాలండి. అక్కడ మాణిక్యాంబగారని ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ పొందిన తృప్తి ఈ ఊళ్ళో ఇంకొకరు పొందలేదు. ఇంత గొప్ప సంగతి ఒక్క వీధిలోనే ఉండిపోతోంది. పొరుగు జిల్లాల ఏజెంట్లు కూడా వచ్చి చూసి నేర్చుకుంటే బాగుండును."

నరహరిగారి కళ్ళు మెల్లగా వెడల్పయ్యాయి. ఏదైనా చూపించడానికి పనికొస్తుందని తెలిసినప్పుడు అధికారుల కళ్ళు అలా అవుతాయి.

"అధ్యయన కేంద్రము" అన్నారాయన.

"ఆ మాట నాకు తట్టలేదండి" అంది త్రిపుర.

"ఆ సూరిబాబు తమకెట్లు తెలియును?"

"పూర్వ పరిచయం అండి."

పది రోజుల్లో గంధం వారి వీధి ఆదర్శ వీధి అయింది. మాణిక్యాంబగారి గుమ్మానికి అడ్డంగా బ్యానరు కట్టారు. పక్కనే ఒక బోర్డు, "తృప్తి చెందిన నివాసి" అని. పొద్దున్న ఒక జిల్లా బస్సు, మధ్యాహ్నం ఇంకొక జిల్లా బస్సు. దిగిన ఏజెంట్లు చెప్పులు గుట్టగా విప్పి లోపలికొచ్చి ఆవిడ వాలుకుర్చీ చుట్టూ నిలబడేవారు.

"అమ్మగారూ, తృప్తి ఎప్పుడు మొదలైందండీ?"

"తృప్తిగా ఉన్నప్పుడు మీరు ఎటు తిరిగి కూర్చుంటారండీ?"

సూరిబాబు కుళాయి తిప్పి చూపించేవాడు. వెనక వరసకి కనపడలేదంటే మళ్ళీ తిప్పేవాడు. చూస్తే చాలదు, చేసి నేర్చుకోవాలని మండలి ఆదేశం. అందుకని వచ్చిన ప్రతివాడూ స్టూలెక్కి ట్రంకు పెట్టె దించేవాడు. మరొకడు ఎక్కించేవాడు. మాణిక్యాంబగారు మధ్యాహ్నం కునుకు తీద్దామంటే నెత్తి మీద పెట్టె దిగుతూ ఎక్కుతూ ఉండేది. ఆవిడ కళ్ళజోడు దాచి, వెతికే అభ్యాసం ఒకటి పెట్టారు. కళ్ళజోడు మాత్రం దొరికేది గాని, అందాకా ఆవిడకి ఎవరు వెతుకుతున్నారో కనపడేది కాదు. ఉద్యోగ జీవితమంతా జనం అరుపులు చెవిలో పడుతున్నా "లైన్లో ఉండండి" అని శాంతంగా చెప్పిన మనిషి, ఒక రోజు ఒక ట్రైనింగు ఏజెంటు మీద చెంబు విసిరింది. దాన్ని కూడా వాళ్ళు ఫొటో తీసుకుని, "ఆత్మీయతా ప్రకటన" అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం ఆవిడే రిక్షా ఎక్కి పెంకుటిళ్ళ వీధికి వచ్చింది.

"అమ్మాయ్, ఇల్లు నువ్వు తీసుకో. పాత ధరే. నాకు మందకొడి ఏజెంటు కావాలి. విజయనగరం పోతాను."

"మా ఆయన సేవ పోగొట్టుకుంటున్నారు కదండీ పిన్నిగారూ" అంది త్రిపుర, వీలైనంత బాధగా.

"మీ ఆయన బంగారం. ఆ బంగారం చూడ్డానికొచ్చిన వాళ్ళతోనే నాకు చచ్చే చావొచ్చింది."

అంతా అయిందనుకునేసరికి మండలి ఐదో ఉత్తర్వుతో అడ్డం పడింది. ఏజెంటు తన బంధువులకు ఇల్లు అమ్మిపెట్టరాదు. గంధం వారి వీధిలో సూరిబాబు తప్ప ఇంకెవరూ అమ్మిపెట్టరాదు. సూరిబాబు ఆ సాయంత్రం నేల మీద కూలబడ్డాడు. ఇటుక మీద చెయ్యేసినప్పటి నుంచీ మొదటిసారి ఆయనకి ప్రమాణం మాట గుర్తు రాలేదు.

"ఆ కిటికీ నీకిద్దామనుకున్నానే" అన్నాడు. మామూలు గొంతుతో.

త్రిపుర మర్నాడు చీర మార్చుకుని మండలి ఆఫీసుకి బయల్దేరింది. వెనకాలే సూరిబాబు. వాళ్ళ వెనకాలే పాపారావు, తన వీధి మనిషికి కష్టం వచ్చింది గనక.

నరహరిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తమరు ఈయన భార్యా? ఆనాడు పూర్వ పరిచయమని సెలవిచ్చితిరే."

"అవునండి. మీ ఉత్తర్వు వచ్చాక పరిచయం బాగా తగ్గింది."

"భార్య అనగా బంధువు. బంధువునకు విక్రయము నిషిద్ధము. ఇందులో చేయగలిగినది లేదమ్మా."

"సార్, నేను బంధువుని ఎలా అవుతానండీ?" అంది త్రిపుర వినయంగా. "ఆ రోజు నేను కూడా ఉప్మా తిన్నాను. ఈయన ఇటుక మీద చెయ్యేసి, గంధం వారి వీధివాళ్ళు తప్ప నాకు అన్య బంధువులు లేరు అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నేనుండేది పెంకుటిళ్ళ వీధి. మా వీధికి ఏమవసరం వచ్చినా చూసేది ఈ పాపారావుగారు. గ్యాసు ఈయన తెస్తారు, కూరలు ఈయన తెస్తారు, మనసెలా ఉందని ఈయన అడుగుతారు. సూరిబాబుగారు నాకు బంధువంటే ఆయన ప్రమాణం అబద్ధం కావాలి. ఒక్కరి ప్రమాణం అబద్ధమైతే, మిగతా వాళ్ళవి నిజమని ఎలా అనుకోమంటారు? బస్సుల్లో వచ్చి చూసి వెళ్ళిన వాళ్ళందరూ ఏం చూసి వెళ్ళినట్టు?"

నరహరిగారికి చెమట పట్టింది. ఆదర్శ వీధి పుణ్యమా అని ఆయనకి పదోన్నతి వచ్చేలా ఉంది.

"ఏమయ్యా" అన్నారు సూరిబాబుతో, "ఈమె నీకేమగును?"

సూరిబాబు భార్య వంక చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ ఆఫీసులో కిటికీ చాలా పెద్దది.

"ఏమీ కాదండి" అన్నాడు సూరిబాబు. "పాపారావు వీధి ఆవిడండి."

"ఆయ్, మా వీధేనండి" అన్నాడు పాపారావు గర్వంగా.

ఇంత పెద్ద విషయం తన ఒక్కడి చేతి మీద తేల్చడం దేనికని నరహరిగారు అధ్యక్షులవారికి ఫోను చేశారు. మోగింది. మళ్ళీ చేశారు, మళ్ళీ మోగింది. అధ్యక్షులవారు ఫోను ఎత్తలేదు. నరహరిగారు తన ఫోను బోర్లా పెట్టి, బంధుత్వం లేదని తీర్పు చెప్పారు.

"అయితే ఒక్క నిబంధన" అన్నారాయన. "కొన్న క్షణము నుండి తమరు క్లయింటు. ఏజెంటు తమకు విక్రయానంతర సేవ చేయవలెను. తమరు ఏ వీధిలో ఉన్నను, తమరే స్వయముగా 'సంపూర్ణ తృప్తి' అని నోట పలుకువరకు, నిరంతరాయముగా."

"వేళలేమైనా ఉన్నాయాండీ?"

"లేవు. సేవకు వేళలేమిటమ్మా."

"రాత్రిళ్ళు కూడా మా ఇంట్లోనే ఉండచ్చాండీ?"

"ఉండవచ్చు కాదు, ఉండవలెను" అన్నారు నరహరిగారు.

రిజిస్ట్రేషను అయిన మధ్యాహ్నం సూరిబాబు అద్దె వాటా గుమ్మంలో చెప్పులు విప్పి, సర్క్యులర్లో చెప్పినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తమకు ఏవిధంగా సేవ చెయ్యగలను?"

"అటక మీద గుండిగ ఉందండి."

ఆయన స్టూలు వేసుకుని ఎక్కి, గుండిగ దించి, దుమ్ము తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. వినాయక చవితి నుంచీ ఉన్న పని చిటికెలో అయింది. పాపారావు గుమ్మంలో నిలబడి ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. అశుభకార్యం కాకపోయినా అతని వదనంలో తగుమాత్రపు మార్పు గోచరించింది.

గృహప్రవేశం బాగా జరిగింది. కళాయి వేయించిన గుండిగలో పాలు పొంగాయి. మాణిక్యాంబగారు ఆశీర్వదించి, బస్సులేవీ రాకముందే స్టేషనుకి వెళ్ళిపోయింది. బ్యానరు విప్పించిన సూరిబాబు దాన్ని మడత పెట్టాడు, మడత పాపారావు విప్పి మళ్ళీ పెట్టాడు. క్రమంగా మండలి ఇంకో వీధిని ఆదర్శం చేసుకుంది. ఇప్పుడు కోళ్ళ బేరగాళ్ళని కూడా తన కిందికి తెచ్చుకోవాలని చూస్తోందని అంటున్నారు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున్న నరహరిగారు వచ్చారు. పదోన్నతి వచ్చింది, వెళ్ళేముందు అన్నీ ముగించుకోవాలి. వంటింట్లో త్రిపుర కిటికీ ముందు నిలబడి పోపు పెడుతోంది. ఘాటు కరివేపాకు చెట్టు మీదుగా తన దారిన తాను పోతోంది.

"అమ్మా, గృహము సౌఖ్యముగా ఉన్నదా?"

"ఉందండి."

"ఏజెంటు సేవ?"

"చాలా బాగుందండి. అడక్కుండానే అన్నీ అడుగుతారు."

"అటులైన 'సంపూర్ణ తృప్తి' అని తమ నోట ఒక్కమారు పలికినచో, ఈయనను బాధ్యత నుండి విముక్తుని గావింతును."

సూరిబాబు తలుపు చాటు నుంచి ఆశగా చూశాడు. త్రిపుర పోపు దించింది.

"అంతా బాగానే ఉందండి. ఒక్కటే చిన్న ఇబ్బంది. అటక మీద గుండిగ ఉంది, అది దించాలి."

"నిన్ననే కదే ఎక్కించమన్నావు" అన్నాడు సూరిబాబు.

నరహరిగారు నెమ్మదిగా ఆయన వైపు తిరిగారు. "క్లయింటును ఏకవచనమున సంబోధించుచున్నావా?"

"నిన్ననే కదండమ్మా ఎక్కించమన్నారు" అని సూరిబాబు స్టూలు కోసం వెళ్ళాడు.

త్రిపుర కాఫీ గ్లాసు తీసుకుని కిటికీ గట్టు మీద కూర్చుంది.

"మెల్లిగా దించండి" అంది. "సాయంత్రం మళ్ళీ పైన పెట్టాలి."